పాలక్యానుతో నేర్చుకున్న నిమ్మళం

మొన్న మా కోడలు డాక్టరు దగ్గర్నుంచి వచ్చి, భుజాన ఉన్న సంచీ కూడా తీయకుండా కుర్చీలో కూలబడి, గుండెకేమీ లేదన్నారత్తమ్మా, రోజూ నడవమన్నారు, టీలు తగ్గించమన్నారు, వేళకు తిని వేళకు పడుకోమన్నారు, అంతే, అని కళ్ళనీళ్ళతోనే నవ్వింది. ఆ నవ్వులో గండం గడిచిందన్న ఊరట ఎంత ఉందో, ఇంత బాధకూ ఇంత చిన్న మందా అన్న చిన్నబుచ్చుకోవడమూ అంతే ఉంది. ఆ రెండూ నాకు బాగా తెలిసినవే. ఆమెకు మజ్జిగ కలిపి ఇచ్చి, నేను వంటింటి గడప దగ్గరే చాలాసేపు నిలబడిపోయాను. నా పాతికేళ్ళ వయసులో ఇదే మాట విని, ఇలాగే నవ్వి, హుస్సేనీ ఆలం సందులో మా అత్తగారి వెనకాల ఇంటికి నడిచి వచ్చిన రోజు కళ్ళ ముందు కదిలింది.

అప్పట్లో నేను టెలిఫోను ట్రంకు ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసేదాన్ని. మన తరం వాళ్ళకు వివరించి చెప్పనక్కర్లేదు గాని, పొరుగూరికి ఫోను చేయాలంటే ముందుగా బుక్ చేసుకుని, ఎప్పుడు కలుస్తుందా అని ఫోను పక్కనే కూర్చుని ఎదురుచూసిన రోజులవి. మేము ఆడవాళ్ళం వరుసగా ఎత్తైన కుర్చీల్లో కూర్చుని, చెవులకు హెడ్‌సెట్లు తగిలించుకుని, ఎదురుగా బోర్డు మీద దీపం వెలగగానే తీగ తీసి గుచ్చి, ఇటువాళ్ళనూ అటువాళ్ళనూ కలుపుతుండేవాళ్ళం. ఉద్యోగం వచ్చిన కొత్తలో నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. పురానాపూల్ దగ్గర పుట్టి, ఆ చుట్టుపక్కల సందులు తప్ప ఎరగని పిల్ల, విజయవాడతోనూ బొంబాయితోనూ రోజూ మాట్లాడుతోందంటే మా పుట్టింట్లో కథలుగా చెప్పుకునేవాళ్ళు.

అత్తవారిది పాల వ్యాపారం. మామగారు నా పెళ్ళికి ముందే పోయారు. ఇంటి వెనక కొట్టంలో బర్రెలను, ముందు భాగంలో సంసారాన్ని మా అత్తగారు ఒక్కచేత్తో నడిపేది. మనిషి సన్నగా, గట్టిగా ఉండేది, గొంతు మాత్రం సందు చివరిదాకా వినిపించేది. మావారు పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణంలో పనిచేసేవారు, పొద్దెక్కాక వెళ్తే దీపాలు పెట్టాక వచ్చేవారు. నెమ్మది మనిషి. నేను ఉద్యోగం చేస్తానంటే కాదనలేదు, కష్టపడుతున్నానంటే ఏం చేయాలో తోచేది కాదు, పాపం.

అన్నీ బాగానే ఉన్న ఆ రోజుల్లో ఒక కాల్ వచ్చింది. గుంటూరు వైపు నుంచి ఎవరో మగమనిషి అర్జెంటు బుక్ చేశాడు, ఇక్కడ ఎత్తింది ఒక ఆడమనిషి. లైను అధ్వాన్నంగా ఉంది, సముద్రం హోరులాగా ఒకటే గోల. అలాంటప్పుడు మధ్యలో ఉన్న మేమే ఇటు మాట అటూ అటు మాట ఇటూ అందించేవాళ్ళం, అది మా పనిలో భాగమే. అతను చెప్పింది నాకు వినబడింది, ఆమెకు వినబడలేదు. ఏమన్నరమ్మా, ఏమన్నరు, అని ఆమె నన్నే అడుగుతోంది. మీ తమ్ముడు పొద్దున్న పోయాడటమ్మా అని నా నోటితో నేనే చెప్పాల్సి వచ్చింది. ఆమె వైపు నుంచి ఏడుపు కూడా రాలేదు. ఫోను ఎక్కడో పెట్టేసిన చప్పుడు, తర్వాత ఒక గిన్నె కింద పడ్డ చప్పుడు, అంతే. నేను తీగ లాగేసి పక్క దీపానికి జవాబు చెప్పాను, ఎందుకంటే దీపాలు ఆగవు.

ఆ తర్వాత నుంచి మొదలైంది. దీపం వెలిగితే చాలు, ఈసారి ఎవరి చావు నా నోట పలకాలో అని గుండె దబదబ కొట్టుకునేది. నిజానికి నూటికి తొంభై కాల్స్ సరుకు చేరిందా, పిల్లకు జ్వరం తగ్గిందా, ఏ బండికి వస్తున్నావు, ఇవే. అది తెలిసీ భయం తగ్గేది కాదు. భయం తగ్గడానికని క్యాంటీన్లో టీ తాగేదాన్ని, టీ తాగినకొద్దీ దడ పెరిగేది, దడ పెరిగిందని అన్నం తినబుద్ధయ్యేది కాదు, అన్నం బదులు మళ్ళీ టీ. డ్యూటీలు మారుతుండటంతో నిద్రకు ఒక వేళంటూ లేకుండా పోయింది. ఇంటికొచ్చినా చెవుల్లో గణగణ మోగుతూనే ఉండేది. వీధిలో సైకిలు బెల్లు మోగితే ఉలిక్కిపడి చేతిలో చెంబు జారవిడిచిన రోజులున్నాయి. ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే ఏమని చెప్పుకోవాలి? దెబ్బ తగిలిందా, జ్వరం వచ్చిందా?

ఒక మధ్యాహ్నం బోర్డు ముందు కూర్చునే వేళ్ళు తిమ్మిరెక్కాయి. ఊపిరి లోపలికి పోతోంది గాని సరిపోవడం లేదు. ఛాతీ మీద ఎవరో బండ పెట్టినట్టయింది. చచ్చిపోతున్నాననే అనుకున్నాను, అందులో నాకేమీ సందేహం లేదు. హెడ్‌సెట్ తీసి జాగ్రత్తగా కొక్కేనికి తగిలించి, పక్కామెతో నీ చేతుల్లో పోతున్నానక్కా అన్నానట. అంత భయంలోనూ హెడ్‌సెట్ కొక్కేనికి తగిలించావు చూడు అని ఆమె తర్వాత ఎన్నేళ్ళో నన్ను ఆటపట్టించింది.

పెద్దాసుపత్రిలో పడుకోబెట్టి, తీగలు పెట్టి గుండె చూశారు, నెత్తురు తీసి చూశారు. కబురందుకుని మా అత్తగారు కొట్టంలోంచి ఉన్న చీరతోనే, చేతికి పిండిదాణా అంటుకుని ఉండగానే పరుగెత్తుకొచ్చింది. డాక్టరమ్మ నడివయసు మనిషి, తొందరలేని మనిషి. గుండె గట్టిగా ఉందని చెప్పగానే మా అత్తగారు ఊరుకోలేదు.

“గుండె మంచిగనే ఉంటే మరి గీ పిల్లకు గట్లెందుకైతదమ్మా? నటిస్తున్నదా ఏంది?”

“నటన కాదు, పిచ్చీ కాదు,” అందావిడ. “భయం మనసులో నిండిపోతే ఒంట్లోకి దిగుతుంది. వేళకు తిననివ్వండి, నిద్రపోనివ్వండి, టీ మాన్పించండి. రోజూ పొద్దున కాసేపు ఆరుబయట నడవాలి. లోపలున్నది ఎవరితోనైనా చెప్పుకోవాలి. మందులు అప్పుడే వద్దు, నెల తర్వాత రండి, తగ్గకపోతే అప్పుడు చూద్దాం.”

చచ్చిపోవడం లేదన్న ఊరటతో నవ్వొచ్చింది, నడిస్తే పోతుందా అన్న అపనమ్మకంతో ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. ఇల్లు చేరేసరికి మా ఆడబిడ్డ వచ్చి కూర్చుని ఉంది. నౌకరి ఇడిసిపెట్టిస్తే అన్నీ అవే సక్కగయితయి అన్నది. మావారు తల ఊపారు. నాకూ ఆ క్షణాన అదే బాగుందనిపించింది. అత్తగారు మాత్రం కాళ్ళు కడుక్కుంటూ, మా వైపు తిరగకుండానే అన్నది.

“ఇడిసిపెట్టి ఏం జేస్తది? ఇంట్ల కూసోని గదే ఫికర్ జేస్తది. ఫికర్ నౌకరి కాడ్నే ఉండిపోతదా? సెలవు పెట్టమను. ముందు పిల్ల పానం నిమ్మళం గానియ్యుండ్రి, నౌకరి ముచ్చట తర్వాత.”

సెలవు పెట్టాను. టీ మానడం, తినడం, పడుకోవడం, ఇవి ఇంట్లోవి. కాని నడక సంగతే అందరికీ చిక్కయింది. ఈ కాలం పిల్లలకు ఇది నవ్వులాటగా ఉంటుంది గాని, ఆ రోజుల్లో మా సందుల్లో పడుచు కోడలు పనిలేకుండా పొద్దున్నే వీధి వెంట నడవడం అన్నది లేదు. గుడికి వెళ్తే ఒక దారి, నల్లా దగ్గరికి వెళ్తే ఒక దారి. ఉత్తగా ఎక్కడికి పోతున్నావని ప్రతి అరుగూ అడుగుతుంది. మొదటి రోజు సందు మలుపు దాకా వెళ్ళి, గాజుల దుకాణం ముందు నిలబడ్డవాళ్ళు చూశారని దడ ఇంకా ఎక్కువై వెనక్కి వచ్చేశాను. మరునాడు తెల్లవారాక మా అత్తగారు పాలు పిండి లేచి, మూతపెట్టిన చిన్న క్యాను ఒకటి నా చేతికిచ్చింది.

“పట్టు. ముసలోళ్ళు నలుగురైదుగురున్నరు, గిన్నె పట్టుకోని కొట్టందాక రాలేరు. ఆళ్ళ ఇండ్లకాడ పోసి రా. ఇప్పుడెవ్వలడుగుతరో అడగనీ.”

ఎవ్వరూ అడగలేదు. చేతిలో పాలక్యాను ఉన్న మనిషిని హుస్సేనీ ఆలంలో ఎవరడుగుతారు? మొదటి వారం తల దించుకుని, ఎప్పుడు అయిపోతుందా అని పరుగులాంటి నడక నడిచాను. క్యాను మూత టకటకలాడి, పాలు మూతి దాకా ఎగిరిపడి, చీర కుచ్చెళ్ళు తడిసేవి. పాలు ఒలకకూడదంటే చేయి కదలకూడదు, చేయి కదలకూడదంటే అడుగు నెమ్మదిగా పడాలి. అలా పాల కోసమే నడక నెమ్మదించింది. నడక నెమ్మదించాక చుట్టూ ఉన్నవి కనబడ్డాయి. దుకాణాల ముందు నీళ్ళు చల్లే వాళ్ళు, భట్టీలోంచి అప్పుడే తీసిన రొట్టెల వాసన, గోడ మీద వరుసగా కూర్చున్న పావురాలు. పుట్టి పెరిగిన చోటే, కాని అంత తీరిగ్గా ఎప్పుడు చూశాను గనక?

ఆ ఇళ్ళలో ఒకటి పెద్ద ఖాలాది. ఖాలా అంటే పిన్ని అని, సందంతా ఆమెను అలాగే పిలిచేది. పాతకాలపు పెద్ద తలుపు, లోపల వాకిలి, వాకిట్లో నిమ్మచెట్టు, గచ్చు మీద చెక్కబల్ల. పాలు పోసి పరుగెత్తబోతే ఆమె నా కొంగు పట్టుకుని ఆపేది.

“బైఠో బేటీ. దూద్ తో ఆ గయా, అబ్ కాయ్‌కీ జల్దీ?”

కూర్చో తల్లీ, పాలు వచ్చేశాయి కదా, ఇంక దేనికి తొందర అని. సెలవులో ఉన్నాను, ఇంట్లో అత్తగారే పంపింది, నిజంగానే తొందర దేనికి? కూర్చున్నాను. ఆమె ఏదో ఒకటి చెప్పేది, తన చిన్నప్పటి సంగతులు, మోకాళ్ళ నొప్పి, తన పెంపుడు చిలక రాత్రంతా అలిగి కూర్చోవడం. నా జబ్బు ఏమిటని ఏనాడూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ చెక్కబల్ల మీద కూర్చున్న కాసేపూ గుండె కొట్టుకుంటోందా లేదా అన్న ధ్యాసే ఉండేది కాదు, అది ఇల్లు చేరాక గుర్తొచ్చి ఆశ్చర్యపోయేదాన్ని.

నేను పొద్దున నడవాలంటే ఇంట్లో ఇంకొకరు వంగాలి కదా. నల్లా నీళ్ళు వచ్చే వేళ సరిగ్గా అదే. మా అత్తగారు తన కొడుకు చేతిలో బిందె పెట్టింది. బట్టల దుకాణంలో ఇస్త్రీ చొక్కాతో నిలబడే మనిషి, లుంగీ ఎగగట్టి ఆడవాళ్ళ వరుసలో బిందెతో నిలబడితే సందంతా ఒకటే నవ్వులు. మొదట్లో ముఖం ఎర్రబడేది. తర్వాత్తర్వాత నల్లా దగ్గరి ముచ్చట్లన్నీ మాకు ఆయనే మోసుకొచ్చేవారు, ఎవరింట్లో ఏం కూర అన్నదాకా. టీ మానడం మాత్రం నరకం. తలనొప్పితో మంచమెక్కితే, అత్తగారు తనూ మానేస్తానని పందెం కట్టి, పొద్దున ఒక్క కప్పు మిగుల్చుకుని, మిగతా వేళల్లో ఇద్దరికీ మజ్జిగ చిలికేది. నేను చూడనప్పుడు తాగేదేమో, నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు.

సాయంత్రాలు పాలు పిండే వేళ నన్ను కొట్టంలోకి పిలిచేది. పేడ వాసన, గడ్డి వాసన, బర్రెలు నెమరేసే చప్పుడు. అక్కడ కూర్చుని, ఆమె వీపు వైపు చూస్తూ, ఒకరోజు ఆ గుంటూరు కాల్ సంగతంతా చెప్పేశాను. గిన్నె కిందపడ్డ చప్పుడు దాకా చెప్పాను. ఆమె పిండటం ఆపలేదు. బర్రె పొదుగు వైపే చూస్తూ అన్నది.

“మీ మామ పోయినంక నాకు చేతులు గడగడ వణికేటివి బిడ్డా. గాబరతోని కూసుంటే బర్రె చేపదు, పాలు ఇడువదు. పక్కకు జరుగుతది, తన్నుతది. లేసి, దాని మెడ మీద చెయ్యేసి, ఊపిరి వట్టి ఇడిసి, మళ్ల కూసునేదాన్ని. ఎవ్వలకు చెప్పలే. ఎవ్వలడుగలే గూడ.”

ఇన్నాళ్ళూ ఉక్కుమనిషి అనుకున్నదాన్ని, ఆమె వీపు ఎంత చిన్నదో అప్పుడు చూశాను. నేను ఆలస్యంగా వచ్చిన రోజుల్లో ఆమె గుమ్మంలోనే నిలబడి ఉండేదని, నేను కనబడ్డాకే లోపలికి పోయి నాకు కనబడకుండా నాలుగు మెతుకులు తినేదని కూడా ఆ సాయంత్రమే ఆమె మాటల్లో తెలిసింది. మర్నాటి నుంచి దూరపు ఇళ్ళకు ఇద్దరం కలిసే వెళ్ళాం. పురానాపూల్ దాకా నడిచి, వంతెన గోడకు ఆనుకుని కాసేపు నిలబడి, గడ్డి బళ్ళు పోతుంటే చూసి తిరిగి వచ్చేవాళ్ళం. ఆమెకూ రాత్రిళ్ళు నిద్ర పట్టడం మొదలైంది. ఆ సంగతి ఆమె నాతో అనలేదు, మావారితో అన్నదట.

నెల తర్వాత డాక్టరమ్మ నాడి చూసి, కళ్ళు చూసి, ఇంక నాతో పనిలేదు నీకు అన్నది. దడ మొత్తంగా పోలేదండీ అన్నాను. వస్తే రానివ్వు, వచ్చిన దారినే పోతుందని ఇప్పుడు నీకు తెలిసింది కదా అని నవ్వింది. ఆ మాట నాకు మందుకన్నా ఎక్కువ పనిచేసింది. మా సూపర్‌వైజరు కొన్నాళ్ళు పగటి డ్యూటీలే వేసి, నంబర్లు చెప్పే ఎంక్వయిరీ బల్ల దగ్గర కూర్చోబెట్టి, చేయి కుదిరాక ట్రంకు బోర్డు దగ్గరికి పంపింది. క్యాంటీనుకు బదులు టిఫిను డబ్బా, మజ్జిగ సీసా. విరామంలో మెట్లు దిగి, చెట్టు కింద ఒక చుట్టు నడిచి రావడం. పక్క కుర్చీల వాళ్ళు మొదట నవ్వారు, తర్వాత ఒకరిద్దరు నాతో దిగడం మొదలుపెట్టారు.

నేను భయపడుతున్నది ఒకనాడు రానే వచ్చింది. వానాకాలం, లైన్లన్నీ హోరుమంటున్నాయి. నిజామాబాదు వైపు నుంచి కాల్, అటువైపు మేనల్లుడు, ఇటువైపు అతని మేనమామ, పెద్దాయన. మాట అందడం లేదు. నేనే చెప్పాలి. గుండెలో దడ మొదలైంది. నేను రెండు పాదాలూ నేలకు ఆనించి, ఊపిరి మెల్లగా వదిలి, ముందు ఆయన్ను అడిగాను.

“తాతా, మీ పక్కన ఎవరన్నా ఉన్నారా? పిలవండి. మీరు కూర్చోండి.”

“ఉన్నది బిడ్డా, నా బిడ్డె ఉన్నది. చెప్పు, ఏమైంది?”

చెప్పాను. ఆయన ముసలి చెల్లెలు పోయింది. ఆయన, మంచిగ పోయిందా, బాధపడ్డదా అని అడిగాడు. నేను అటు అడిగి, నిద్రలోనే పోయిందట తాతా అని ఇటు చెప్పాను. సల్లగుండు బిడ్డా, మంచిగ చెప్పినవు అన్నాడు. తీగ తీశాక నాకు కన్నీళ్ళు వచ్చాయి. కాని అవి ఆయన కోసం వచ్చినవి. ఊపిరి ఆడుతూనే ఉంది, వేళ్ళు నా వేళ్ళలాగే ఉన్నాయి. పక్క దీపం వెలిగితే ఒక్క నిమిషం చూసుకోమని పక్కామెకు సైగచేసి, నీళ్ళు తాగి వచ్చి మళ్ళీ కూర్చున్నాను. ఇంటికెళ్ళి కొట్టంలో ఆ ముచ్చట చెబితే, మా అత్తగారు లేచి వచ్చి, పాల చేతులతోనే నా బుగ్గలు పుణికింది. నా జీవితంలో అంత తేలికపడ్డ సాయంత్రం మరొకటి లేదంటే నమ్మండి.

ఆ ఉద్యోగంలోనే రిటైరయ్యాను. దడ ఎప్పుడో ఒకసారి వచ్చిపోయే చుట్టంలాగా వస్తూనే ఉంది, పిల్లల పరీక్షలకు, మావారి ఆపరేషనుకు. వచ్చినప్పుడల్లా టీ తగ్గించి, నడక పెంచి, ఎవరో ఒకరి దగ్గర కూర్చుని మనసులోది చెప్పుకోవడం అలవాటైపోయింది. మా అత్తగారు నిండు వయసులో, బర్రెలను అమ్మేశాక కొన్నేళ్ళకు వెళ్ళిపోయింది. కొట్టం ఉన్నచోట ఇప్పుడు స్కూటర్లు నిలుపుతున్నారు. పొద్దున్నే ఆడపిల్లలు బూట్లు వేసుకుని, చేతిలో ఏమీ లేకుండా, దర్జాగా నడిచి పోతుంటారు. ఎవరూ ఎక్కడికని అడగరు. చూస్తుంటే నాకు కడుపు నిండినట్టుంటుంది. మా కోడలితో మజ్జిగ తాగించాక ఈ కథంతా చెప్పాను, చెప్పడంలోనే పొద్దుగూకింది.

ట్రంకు బోర్డులు ఎప్పుడో తీసేశారు. ఇప్పుడు ఎవరి ఫోను వారి చేతిలోనే ఉంది, మంచైనా చెడైనా మధ్యలో ఎవరి నోటా పడకుండా నేరుగా వచ్చి చేరుతోంది. ఆ బోర్డుల మీద నాకేమీ మోజు లేదు, వాటి ముందు పడిన యాతన ఇంకే పిల్లా పడనక్కర్లేదు. అయినా ఒక్కోసారి, బస్సులోనో ఆసుపత్రి వరండాలోనో ఎవరైనా ఫోను తెర వైపు చూసి ఉన్నట్టుండి పాలిపోవడం చూసినప్పుడు మాత్రం, కూర్చోండి, మీ పక్కన ఎవరన్నా ఉన్నారా అని అడగాలని నోటిదాకా వస్తుంది. అడగకముందే వాళ్ళు ఆ ఫోనే చెవికి పెట్టుకుని జనంలో కలిసి వెళ్ళిపోతారు.